తెల్ల పులికి లక్షల వ్యూస్, మూషిక జింకకి సున్నా: అసలు జూ ఎందుకు?

 

ఈ రోజు టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక విషయం ఒప్పేసుకోవాలి. మన ఛానెల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసిన వీడియో ఏదో తెలుసా? నేను వారాల తరబడి చదివి, స్క్రిప్ట్ రాసి, రాత్రుళ్లు కూర్చుని ఎడిట్ చేసినవాటిలో ఒక్కటీ కాదు. 18 సెకన్ల షార్ట్ ఒకటి ఉంది. అందులో ఒక తెల్ల పులి పడుకుని ఉంటుంది. పక్కనుంచి ఎవరో గట్టిగా ఈల వేస్తారు. పులి తల ఎత్తి కెమెరా వైపు చూస్తుంది. అంతే. నాలుగు లక్షల వ్యూస్.

ఆ ఈల వేసింది నేనే.

అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. ఎండాకాలం సెలవులకి అక్కా వాళ్లు వస్తే, మేనల్లుణ్ని తీసుకుని ఒక జూకి వెళ్లాం. ఏ జూ అన్నది అనవసరం, తప్పు జూది కాదు కాబట్టి. టికెట్ కొన్నాం, ఎండలో రెండు గంటలు తిరిగాం. ఎక్కడ చూసినా జంతువులు నిద్రపోతున్నాయి. సింహం పడుకుంది, ఎలుగుబంటి పడుకుంది, చిరుత అసలు కనిపించనే లేదు. డబ్బులు పెట్టి వచ్చింది వీటి వీపులు చూడ్డానికా అని చిరాకు. తెల్ల పులి దగ్గరికి వచ్చేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు, అరుస్తున్నారు. నేనూ ఒక ఈల వేశాను. అది లేచింది. అందరూ నవ్వారు. నేను రికార్డ్ చేశాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మేనల్లుడు ఆ వీడియోని ఫోన్‌లో ఆపి, వేళ్లతో జూమ్ చేసి నాకు చూపించాడు.

"మామా, దీనికి మెల్లకన్నా?"

నేను అప్పటివరకు చూడలేదు. నాలుగు లక్షల మంది చూసిన వీడియో, నేనే ఎడిట్ చేసిన వీడియో. ఆ పులి కళ్లు రెండూ ముక్కు వైపుకి తిరిగి ఉన్నాయి. "పుట్టుకతోనే అలా ఉందేమోరా" అన్నాను. "ఎందుకు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ "ఎందుకు" పట్టుకుని చదవడం మొదలుపెడితే చివరికి ఈ ఎపిసోడ్ దాకా వచ్చింది.

సో, ఈ రోజు మనం రెండు జంతువుల కథ చెప్పుకుందాం. ఒకటి ఏ జూలో పెట్టినా జనం ఎగబడే తెల్ల పులి. ఇంకోటి, మీలో చాలామంది పేరు కూడా విని ఉండని మూషిక జింక. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే జూ అనేది అసలు దేనికి ఉందో అర్థమవుతుంది.

తెల్ల పులి వేరే జాతి కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. తెల్ల పులి మంచు ప్రాంతం నుంచి వచ్చిన ప్రత్యేక జాతి అనుకుంటారు చాలామంది. కాదు. అది మన బెంగాల్ పులే. రంగు మాత్రమే తేడా. పూర్తిగా రంగు లేని ఆల్బినో కూడా కాదు, ఎందుకంటే చారలు నల్లగానే ఉంటాయి కదా.

ఈ రంగు తేడాకి కారణమైన జన్యువుని 2013లో చైనా పరిశోధకులు గుర్తించారు. దాని పేరు ఎస్ఎల్‌సీ45ఏ2. పేరు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఆ జన్యువులో ఒకే ఒక్క చోట చిన్న మార్పు. మన భాషలో చెప్పాలంటే, వేల లైన్ల కోడ్‌లో ఒక్క అక్షరం మారింది. నారింజ రంగు పోయి తెలుపు వచ్చింది.

ఇప్పుడు ఇక్కడ ఒక లాజిక్ ఉంది, జాగ్రత్తగా వినండి. ప్రతి పిల్లకీ ప్రతి జన్యువూ రెండు కాపీలు వస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తెల్ల రంగు రావాలంటే రెండు కాపీల్లోనూ ఆ మార్పు ఉండాలి. ఒక్క కాపీలోనే ఉంటే పులి మామూలు రంగులోనే పుడుతుంది, కానీ ఆ మార్పుని లోపల మోస్తూ ఉంటుంది. అడవిలో ఇలా మోసే పులులే అరుదు. అలాంటివి రెండు ఒకదానికొకటి ఎదురుపడి జతకట్టడం మరీ అరుదు. అందుకే అడవిలో తెల్ల పులి ఎప్పుడో ఒకసారి కనిపించేది.

మరి జూలలో ఇన్ని తెల్ల పులులు ఎక్కడినుంచి వచ్చాయి?

1951లో, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రేవా అడవుల్లో, అక్కడి మహారాజు ఒక తెల్ల పులి పిల్లని పట్టుకున్నాడు. దానికి మోహన్ అని పేరు పెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచాడు. పెద్దయ్యాక బేగం అనే మామూలు పులితో జతకట్టించారు. పుట్టిన పిల్లలన్నీ నారింజ రంగే. మనకి లాజిక్ తెలుసు కాబట్టి ఎందుకో అర్థమైపోయింది కదా? తండ్రి నుంచి ఒక కాపీ వచ్చింది, తల్లి నుంచి రాలేదు.

తర్వాత ఏం చేశారంటే, మోహన్‌ని దాని సొంత కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో నాలుగు పిల్లలు పుట్టాయి. నాలుగూ తెలుపే. వాటిలో మోహిని అనే పులి 1960లో అమెరికా వెళ్లింది. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి చూపించారు. ఇక ప్రపంచమంతా తెల్ల పులి కావాలి కావాలి అని మొదలైంది. ఈ రోజు జూలలో ఉన్న తెల్ల పులుల్లో అత్యధికం వంశం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, ఆ ఒక్క మోహన్ దగ్గరికే వస్తాయి.

తండ్రీకూతుళ్లు, అన్నాచెల్లెళ్లు, మళ్లీ వాటి పిల్లలు. ఇలా దగ్గరి రక్తంలోనే కలుపుకుంటూ పోతే, తెలుపు రంగు మార్పు ఒక్కటే కాదు, ఆ కుటుంబంలో దాగి ఉన్న మిగతా లోపాలన్నీ కూడా రెండేసి కాపీలుగా జతకలుస్తాయి. ఒకే బగ్గులున్న ఫైల్‌ని కాపీ చేసి, ఆ కాపీని మళ్లీ కాపీ చేసి, ఎక్కడా కొత్త కోడ్ కలపకుండా పోవడం లాంటిది. పిల్లలు చిన్నప్పుడే చనిపోవడం, కాళ్లు వంకరగా పుట్టడం, రోగనిరోధక శక్తి తగ్గడం లాంటివి బందీ తెల్ల పులుల్లో నమోదయ్యాయి.

మెల్లకన్ను సంగతి మాత్రం వేరు. అది దగ్గరి రక్తం వల్ల కాదు, ఆ తెల్ల రంగుతో పాటే వస్తుంది. కంటిలో రంగు పదార్థం సరిపడా లేకపోతే, తల్లి కడుపులో ఉండగానే, కంటి నుంచి మెదడుకి వెళ్లే నరాల్లో కొన్ని తప్పు వైపుకి వెళ్లిపోతాయి. సయామీస్ పిల్లుల్లోనూ ఇదే కనిపిస్తుంది. తెల్ల పులులన్నిటిలో మెల్లకన్ను బయటికి కనిపించకపోవచ్చు, కానీ చాలావాటిలో కనిపిస్తుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ 2013 పరిశోధకులే, తెల్ల రంగు పులి బతకలేనంత పెద్ద లోపమేమీ కాదన్నారు. అడవిలో పెరిగి పెద్దయిన తెల్ల పులుల్ని వేటాడిన పాత రికార్డులు ఉన్నాయి. అంటే ఆ రంగు ప్రకృతిలో వచ్చిన మార్పే. సమస్య రంగు కాదు. జనం ఎగబడుతున్నారు కదా అని, ఒక్క కుటుంబాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు మనం చేసిన పని సమస్య. అమెరికాలో జూల సంఘం 2011లో, తమ సభ్యులు తెల్ల పులుల్ని కావాలని పుట్టించకూడదని తేల్చి చెప్పింది.

జనం అంటే ఎవరు? నేనే. నా నాలుగు లక్షల వ్యూసే.

బ్యాకప్ అంటే ఏంటి?

ఇక్కడ ఒక చిన్న ఆఫీసు కథ చెప్తాను. కంపెనీ పేరు అడగొద్దు. మా ప్రాజెక్ట్‌లో రోజూ రాత్రి రెండింటికి డేటాబేస్ బ్యాకప్ నడిచేది. పొద్దున్నే "సక్సెస్" అని మెయిల్ వచ్చేది. ఏడాది పైగా రోజూ సక్సెస్. ఒక శుక్రవారం రాత్రి సర్వర్ పోయింది. ఏం కాదు, బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా కూర్చున్నాం. తీరా చూస్తే ఫైళ్లు ఉన్నాయి కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. ఎందుకంటే ఈ ఏడాదిలో ఎవ్వరూ ఒక్కసారి కూడా రీస్టోర్ చేసి చూడలేదు. ఆ రాత్రి మా లీడ్ ఒకటే మాట అన్నాడు, "రీస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్ కాదు తమ్ముడూ."

జూ గురించి చదువుతుంటే ఈ మాటే పదే పదే గుర్తొచ్చింది.

మన దేశంలో జూలన్నీ సెంట్రల్ జూ అథారిటీ కింద నడుస్తాయి. అది 1992లో ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. 1998లో వచ్చిన జాతీయ జూ విధానం ఏం చెప్తుందంటే, జూల ప్రధాన లక్ష్యం వినోదం కాదు, దేశంలో వన్యప్రాణుల్ని కాపాడే పనికి తోడుగా ఉండటం. అడవిలో ఒక జాతి తగ్గిపోతుంటే, జూలో దాన్ని ఆరోగ్యంగా పెంచి, అవసరమైన రోజు తిరిగి అడవికి ఇవ్వగలగాలి. అంటే జూ ఒక బ్యాకప్.

మరి తెల్ల పులి దేనికి బ్యాకప్? దాన్ని ఏ అడవికి రీస్టోర్ చేస్తాం? మూలం నుంచి తేడా వచ్చేసిన కాపీ అది. ఎన్ని పుట్టించినా అడవికి ఒక్క పులి కూడా పెరగదు.

అసలు రీస్టోర్ చేసి చూపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మన హైదరాబాద్‌లోనే.

మూడు కిలోల జింక

హైదరాబాద్ నెహ్రూ జూ పార్క్ అందరికీ తెలుసు. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. 1959లో పని మొదలై, 1963 అక్టోబర్ 6న జనానికి తెరుచుకుంది. అంతకుముందు బాగే ఆమ్‌లో, అంటే ఇప్పుడు మనం పబ్లిక్ గార్డెన్స్ అనే చోట, చిన్న జూ ఉండేది. అక్కడి జంతువుల్ని ఇక్కడికి తెచ్చారు. వాటిలో ఒక గాలపాగోస్ పెద్ద తాబేలు కూడా ఉంది. మీ తాతయ్యలు చూసి ఉంటారు, మీరూ చూసి ఉంటారు. అది 2024 మార్చిలో, సుమారు 125 ఏళ్ల వయసులో చనిపోయింది.

విదేశీ జంతువులు ఈ జూకి ఎప్పుడూ పెద్ద ఆకర్షణే. 2012లో హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు జూ చూడ్డానికి వచ్చిన సౌదీ యువరాజు ఒకరు ఆఫ్రికా సింహాల్నీ చీతాల్నీ బహుమతిగా ప్రకటించారు. ఆ చీతాల జంటలో ఆడది హీబా 2020లో, మగది అబ్దుల్లా 2023లో పోయాయి. చీతా ఎలా ఉంటుందో కళ్లారా చూసే అవకాశం పిల్లలకి దొరికింది, అది మంచిదే. కానీ ఆ జంట మిగిల్చిన సంతానం లేదు, వెనక్కి వెళ్లిన అడవీ లేదు.

ఇప్పుడు మూషిక జింక దగ్గరికి వద్దాం. ఇది పక్కా మన దేశపు జీవి. మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అన్నిటికన్నా చిన్నది. బరువు సుమారు మూడు కిలోలు. ఇంట్లో పెంచుకునే పిల్లి పాటి ఉంటుందన్నమాట. పేరులో జింక ఉంది కానీ నిజానికి జింక కుటుంబం కాదు. కొమ్ములు ఉండవు. మగవాటికి పైదవడ నుంచి చిన్న కోరలు బయటికి వస్తాయి. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. కిందపడిన పండ్లు తిని గింజల్ని అడవిలో చల్లుతుంది. చిరుతలకీ, అడవి కుక్కలకీ, కొండచిలువలకీ ఆహారం అవుతుంది. అంటే ఇది లేకపోతే పైన చాలామందికి భోజనం తగ్గుతుంది.

మరీ పిరికిది. చప్పుడైతే చాలు, బిగుసుకుపోతుంది. మన నల్లమలలో ఒకప్పుడు బాగా కనిపించేది. ఉచ్చులు, వేట, అడవి తగ్గిపోవడం వల్ల చాలాచోట్ల కనపడకుండా పోయింది.

2010లో సెంట్రల్ జూ అథారిటీ, నెహ్రూ జూ, లాకోన్స్ కలిసి దీన్ని పెంచే పని పెట్టుకున్నాయి. లాకోన్స్ అంటే అంతరించిపోతున్న జాతుల సంరక్షణ కోసం సీసీఎంబీ పెట్టిన ప్రయోగశాల. అత్తాపూర్ దగ్గర ఉంటుంది. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి పేరు తెచ్చిన లాల్జీ సింగ్ గారి ఆలోచన అది. 2006లో అక్కడే కృత్రిమ గర్భధారణతో ఒక చుక్కల దుప్పి పిల్ల పుట్టింది, స్పాటీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల, బ్లాకీ. జంతువుల కణాల్నీ వీర్యాన్నీ ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి పెడతారు. మన క్లౌడ్ స్టోరేజ్ లాంటిదే, కాకపోతే ఇందులో ఉన్నది ప్రాణం. 2021లో నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకి కోవిడ్ వచ్చిందని తేల్చింది కూడా ఇక్కడి పరీక్షలే. దేశంలో జంతువులకి కోవిడ్ బయటపడటం అదే మొదటిసారి. సింహాలు కోలుకున్నాయి.

మూషిక జింకల పని ఆరు జంతువులతో మొదలైంది. ఆరంటే ఆరే. ఇక్కడే తెల్ల పులికీ దీనికీ తేడా చూడండి. అక్కడ రంగు కోసం దగ్గరి రక్తాన్నే వెతికి కలిపారు. ఇక్కడ దగ్గరి రక్తం కలవకుండా ఎంత దూరం పెట్టొచ్చో అంత దూరం పెట్టాలి. అందుకోసం స్టడ్‌బుక్ అని ఒక రికార్డు ఉంటుంది. ఏది ఎవరి బిడ్డ, దేన్ని దేనితో జత చేయొచ్చు, దేన్ని చేయకూడదు, అన్నీ అందులో ఉంటాయి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మన పెద్దవాళ్లు గోత్రం అడుగుతారే, దాదాపు అలాంటి లెక్కే.

ఇంకో సవాలు. ఈ జింక కట్టిందో లేదో ఎలా తెలుసుకోవాలి? పట్టుకుని రక్తం తీద్దామంటే భయానికే దానికి ప్రాణం మీదికొస్తుంది. అందుకని దాన్ని ముట్టుకోకుండా, అది వేసిన పెంటికలు ఏరి, వాటిలో హార్మోన్లని కొలిచారు. అలా తెలిసిన విషయమేంటంటే, మూషిక జింక ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ కట్టడానికి సిద్ధమైపోతుంది. ఈ ఒక్క విషయం తెలియడంతో ఆడ, మగ వాటిని ఎప్పుడు కలిపి ఉంచాలో అర్థమైంది. కొన్నేళ్లలోనే సంఖ్య రెండు వందలు దాటింది.

ఇప్పటిదాకా జరిగింది బ్యాకప్. మరి రీస్టోర్?

2017లో కొన్ని మూషిక జింకల్ని నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి తీసుకెళ్లారు. తీసుకెళ్లి నేరుగా వదిలేయలేదు. వేళకి తిండి తెచ్చిపెట్టే చోట పుట్టి పెరిగినవి అవి. అడవిలోనే కంచె వేసిన చోట ముందు ఉంచుతారు. అక్కడి ఆకులు, పండ్లు, అక్కడి వాసనలు, అక్కడి చప్పుళ్లు అలవాటు చేస్తారు. మనిషి చేత్తో పెట్టే తిండి మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆ తర్వాతే గేటు తెరుచుకుంటుంది. సాఫ్ట్ రిలీజ్ అంటారు దీన్ని.

అన్నీ బతుకుతాయా? బతకవు. అడవి అంటే అడవే. కొన్ని చిరుతకి దొరికిపోతాయి. కానీ ఒక మాట. జూలో పుట్టిన జంతువు అడవిలో చిరుత నోట పడిందంటే, అది మళ్లీ అడవి లెక్కలోకి వచ్చిందని కూడా అర్థం.

ఇలాంటిదే ఇంకో ఉదాహరణ డార్జిలింగ్‌లో ఉంది. అక్కడి జూలో పుట్టిన ఎర్ర పాండాల్ని 2003లో సింగలీలా జాతీయ పార్కులో వదిలారు. ఆ జూ పేరేంటో తెలుసా? పద్మజా నాయుడు హిమాలయన్ జూ పార్క్. మన హైదరాబాద్‌లో పెరిగిన సరోజినీ నాయుడు కూతురు, పశ్చిమ బెంగాల్‌కి గవర్నర్‌గా చేసిన పద్మజా నాయుడు పేరు అది.

మరి జూలో మనకి కనిపించేదేంటి?

మూషిక జింకల వీడియో పెడితే ఎన్ని వ్యూస్ వస్తాయి? అసలు తీయడానికే కుదరదు. ఇలాంటి పెంపక కేంద్రాల్ని సందర్శకుల కంట పడకుండా పెట్టడమే పద్ధతి. జూ చేసే పనుల్లో అతి ముఖ్యమైంది మనకి కనిపించదు. మనకి కనిపించేదాన్ని కూడా మనం తప్పుగా చదువుతున్నాం.

ఉదాహరణకి, నిద్రపోతున్న సింహాన్ని చూసి వేస్ట్ అనుకున్నాను. సింహం అడవిలో కూడా రోజుకి ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుంది. హాయిగా ఒళ్లు మరిచి నిద్రపోతోందంటే దానికి అక్కడ భయం లేదని. అదే ఒక పులి ఎన్‌క్లోజర్‌లో ఈ మూల నుంచి ఆ మూలకి, ఒకే దారిలో, ఒకేలా తిరుగుతూ ఉంటే, "అబ్బ, యాక్టివ్‌గా ఉంది" అని వీడియో తీస్తాం. చాలాసార్లు అది ఒత్తిడి లక్షణం. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో చెప్పిందేంటంటే, అడవిలో ఎక్కువ దూరాలు తిరిగే మాంసాహార జంతువుల్లోనే బందీగా ఉన్నప్పుడు ఈ తిరుగుడు ఎక్కువ. అందుకే మంచి జూలలో మాంసాన్ని ఒకేచోట పెట్టకుండా దాస్తారు, దుంగలు వేస్తారు, కొత్త వాసనలు పెడతారు, వెతుక్కునే పని కల్పిస్తారు.

జంతువుని లేపకుండానే మనం దాన్ని మెలకువలో చూసే దారి కూడా ఉంది. నెహ్రూ జూలో 1982లోనే నిశాచర జంతువుల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు కట్టారు. రాత్రంతా లోపల లైట్లు వేసి ఉంచుతారు, పగలు చీకటి చేస్తారు. జంతువు గడియారాన్ని మెల్లగా తిప్పేశారన్నమాట. మనం పగలు వెళ్లినా దానికి అది రాత్రి. ఈల అవసరం లేదు. ఓపిక అవసరం.

ఇక నా మీద నేను వేసుకున్న కేసు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 38జె అని ఉంది. జూలో జంతువుని ఆటపట్టించడం, గాయపరచడం, దానికి తిండి పెట్టడం, చప్పుళ్లతో ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం, ఇవన్నీ నేరాలు. ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. అంటే నా నాలుగు లక్షల వ్యూస్ వీడియో ఏంటంటే, నా నేరానికి నేనే తీసిపెట్టిన సాక్ష్యం.

జూలు మూసేయాలా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. అడవిలో ఉండాల్సినవాటిని బంధించడం తప్పు కాదా అని. న్యాయమైన ప్రశ్నే. ఎంత పెద్ద ఎన్‌క్లోజర్ కట్టినా అది అడవి కాదు. కానీ అన్ని జూలనీ ఒకే గాటన కట్టేస్తే, ఆరు జింకల్ని రెండు వందలు చేసి అడవికి పంపిన పని కూడా మూసేసినట్టే.

ఇంకో చిక్కు కూడా ఉంది. తెల్ల పులిని చూడ్డానికి వచ్చే జనం కొన్న టికెట్ డబ్బులే మిగతా జంతువుల తిండికీ మందులకీ వెళ్తాయి. కాబట్టి జూని మాత్రమే తిట్టి లాభం లేదు. మనం దేని దగ్గర ఎక్కువసేపు నిలబడతామో, జూ దాన్నే ముందు పెడుతుంది. ఇప్పుడున్న తెల్ల పులుల తప్పు ఏమీ లేదు. వాటిని బతికినంతకాలం బాగా చూసుకోవాలి. కొత్తవాటిని పుట్టించమని మన చప్పట్లతో అడక్కుండా ఉంటే చాలు.

అందుకే ఈసారి జూకి వెళ్తే ఒక నాలుగు పనులు చేయండి. ఒకటి, ప్రతి బోర్డు మీదా ఆ జంతువు ఎక్కడిదో చదవండి. మన అడవిదైతే ఇంకో ఐదు నిమిషాలు అక్కడ నిలబడండి. రెండు, ఈ జూ నుంచి ఏ జంతువైనా తిరిగి అడవికి వెళ్లిందా అని అక్కడి సిబ్బందిని అడగండి. పది మంది అడిగితే పదకొండోవాడి కోసం బోర్డు పెడతారు. మూడు, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, ఫ్లాష్ ఆపేయండి. నాలుగు, చాలా జూలలో జంతువుల దత్తత పథకం ఉంటుంది, నెహ్రూ జూలో కూడా ఉంది. ఒక జంతువు తిండి ఖర్చు కొంతకాలం మనం భరించొచ్చు. ఏనుగే అక్కర్లేదు, చిన్న పిట్ట కూడా లెక్కలోకి వస్తుంది. నలుగురు ఫ్రెండ్స్ కలిసి చేసుకోవచ్చు.

పోయిన నెల మేనల్లుణ్ని తీసుకుని నెహ్రూ జూకి వెళ్లాను. నిశాచర జంతువుల ఇంట్లోకి వెళ్లాక ముందు ఏమీ కనిపించలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని అద్దం ముందు అలాగే నిలబడ్డాడు. మా వెనకాల వచ్చినవాళ్లు "ఏం లేదురా ఇందులో" అని వెళ్లిపోయారు. చాలాసేపటికి కొమ్మ మీద రెండు గుండ్రటి కళ్లు కదిలాయి. దేవాంగ పిల్లి. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకున్నట్టు నడుస్తోంది. వీడియో తీయనా అని నా చెయ్యి జేబులోకి వెళ్లింది. వాడు గుసగుసగా, "మామా, వద్దు" అన్నాడు. తీయలేదు.

ఆ పాత షార్ట్‌ని నిన్న రాత్రి ప్రైవేట్‌లో పెట్టేశాను. ఛానెల్‌కి అదే పెద్ద వీడియో కాబట్టి కొంచెం దెబ్బే, అబద్ధం చెప్పను. దాని బదులు ఈ ఎపిసోడ్ ఉంటుంది. ఇందులో ఏ పులీ తల ఎత్తి చూడదు.

మీ దగ్గర కూడా అలాంటి వీడియో ఏదైనా ఉంటే ఒకసారి జూమ్ చేసి చూడండి. నాకు మూడేళ్ల తర్వాత కనిపించింది. మీకు త్వరగా కనిపించొచ్చు.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.